ధర్మరాజు ఎంత ఒడ్డాడు?

మాయాజూదం గురించి మనం సాధారణంగా అడిగేవి రెండే ప్రశ్నలు. శకుని మోసం చేశాడా? ధర్మరాజు ఆడకుండా ఉండాల్సిందా? మొదటిదానికి సినిమాలే జవాబు చెప్పేశాయి. 1966లో వచ్చిన ‘శ్రీకృష్ణ పాండవీయం’ చూసినవాళ్లకి శకుని పాచికలంటే తండ్రి ఎముకలే. వ్యాసుడి భారతంలో ఆ ఎముకల కథ లేదు. అయినా అది మనకి బాగా పనికొచ్చింది. పాచికలే మాయవైతే ఎంత పెట్టినా ఒకటే, ఎటూ ఓడతాడు కదా అని సర్దుకున్నాం.

నేను మూడో ప్రశ్న అడుగుతాను. ప్రతిసారీ ఎంత పెట్టాడు?

పోకర్ ఆడేవాళ్లకి ఇదే అసలు ప్రశ్న. ఏ ముక్క పడుతుందో మన చేతిలో లేదు, ఎంత పెట్టాలో మాత్రం ఉంది. పాట్‌లో వంద ఉంది, మీరు యాభై పెట్టారనుకోండి. ఎదుటివాడు ఇంకో యాభై వేస్తే మొత్తం రెండువందలు. నాలుగింట ఒకసారి గెలిచినా అతనికి నష్టం లేదు. మీరు వంద పెడితే మూడింట ఒకసారి గెలవాలి. అంటే పందెం సైజు కూడా ఒక మాటే. పెట్టేవాడి గురించి అది చాలా చెప్పేస్తుంది.

హస్తినాపురంలో ఆ మాట ఎలా నడిచింది? నన్నయ సభాపర్వం మన దగ్గర ఉన్నా, పందేల వరుసకి ఇక్కడ వ్యాసుణ్ణే పట్టుకుంటున్నాను. మొదటి పందెం ఒక మణిహారం. తర్వాత బంగారం, రథం, దాసీలు, దాసులు, ఏనుగులు, గుర్రాలు, పెట్టెల కొద్దీ ధనం. ఇక్కడ విదురుడు ఆపబోతాడు. ఆట ఆగదు. ఇంకా ఏం మిగిలిందని శకుని అడుగుతాడు. పశువులు, నగరం, రాజ్యం పోతాయి. తర్వాత నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, చివరికి తను.

గమనించండి, ఇప్పటిదాకా పందేలన్నీ చెప్పింది ధర్మరాజే. పిలిస్తే వెనక్కి తగ్గకూడదన్నది ఆయన వ్రతం. సరే, ఆడాలి. కానీ ఎంత ఒడ్డాలో ఆ వ్రతంలో ఎక్కడా లేదు. రోజంతా ఒక్కో ముత్యం పెట్టి ఆడినా వ్రతం చెడదు.

1956లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ దీనికో సూత్రమే రాశాడు. పెట్టినంతే వచ్చే పందెంలో గెలిచే అవకాశం 60 శాతమైతే, ఉన్నదాంట్లో 20 శాతం పెట్టాలి. అవకాశం సగమో, అంతకన్నా తక్కువో అయితే సున్నా. ధర్మరాజు సరిగ్గా తిరగేసి ఆడాడు. ఓడేకొద్దీ, మిగిలినదాంట్లో మరింత పెద్ద భాగం పెట్టుకుంటూ పోయాడు.

పాచికల మీద నెపం పెట్టేవాళ్లు అనుద్యూతం చూడాలి. అదే శకుని, అదే ఆటగాడు, మళ్లీ అదే ఓటమి. కానీ ఈసారి పందెం ఒక్కటే. ఆటకి ముందే చెప్పింది, ఇరుపక్షాలకీ సమానం: పన్నెండేళ్లు అడవి, ఒక ఏడాది అజ్ఞాతం. ఓడినా మనుషులు మిగిలారు, తిరిగి రావడానికి గడువూ మిగిలింది. తేడా తెచ్చింది పాచికలు కావు, పందెం.

పోకర్‌లో ఒక మర్యాదైన నియమం ఉంది. ఆట మొదలయ్యేటప్పటికి బల్ల మీద ఉన్నదే పందెం. మధ్యలో జేబులోంచి తీయకూడదు, ఇంటి కాగితాలు తేకూడదు. కురుసభలో ఈ నియమం లేదు. ధర్మరాజు తనని తాను ఓడిపోయాక, ద్రౌపదిని పెట్టమని శకునే గుర్తుచేస్తాడు. ఈ సంగతిని వికర్ణుడు సభలో ఎత్తి చూపుతాడు కూడా.

మా కొలిమిగుండ్లలో ముక్కలాడి ఇంటికొచ్చినవాణ్ణి పెద్దోళ్లు ‘గెలిచినావా?’ అని అడగరు. ‘ఏం పెట్టి ఆడినావురా?’ అంటారు. నాపరాళ్ల గనిలో వారం కూలా, పెండ్లాం మెడలోదా అన్నదే వాళ్లకి కావాలి. ద్రౌపది అడిగింది కూడా అదే. ముందు తనని ఓడాడా, నన్ను ఓడాడా? ఆవిడ పాచికల సంగతి ఎత్తలేదు. పందేల వరుస అడిగింది. తనే తనవాడు కానివాడికి ఒడ్డడానికి ఏం మిగులుతుందని అడిగింది. భీష్ముడంతటివాడికి జవాబు దొరకలేదు. ద్యూతపర్వం మీద మొదటి విమర్శ, అన్నిటికన్నా పదునైన విమర్శ, నా లెక్కలో ఆ ఒక్క ప్రశ్నే.

మన చట్టాలు మాత్రం చాలాకాలం వేరే ప్రశ్న దగ్గరే తిరిగాయి: ఇది నైపుణ్యమా, అదృష్టమా? 1967లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యమంది, మూడుముక్కలాట అలాంటిది కాదంది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు మార్చి ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టు నాటి కేంద్ర చట్టం నైపుణ్యం, అదృష్టం తేడా పక్కనపెట్టి డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపింది.

నిషేధం మంచిదా కాదా అన్న వాదన అలా ఉంచండి. ఆన్‌లైన్ పోకర్‌లో బల్ల మీది నియమం ఒక్క చేతి వరకే కాపాడింది. చేయి అయిపోగానే యూపీఐతో మళ్లీ నింపుకునే వీలుండేది. ఎంత పెడతావని స్లయిడర్ ప్రతిసారీ అడుగుతుంది. అది ఎవరి సొమ్మని ఒక్కసారీ అడగదు. ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఆట బయట ఉంటారు, ఇంట్లో. చాలాసార్లు వాళ్లని అప్పటికే ఒడ్డేసి ఉంటారు.