బడి సొమ్మును ఇంటి సొమ్మును

జూను నెల వచ్చెననగా బీదయిండ్లలో ఒక లెక్క మొదలగును. పెద్దవానికి నోటు పుస్తకములెన్ని కావలెను, చిన్నదానికి క్రొత్తపలక కొనవలెనా పాతదానితో సరిపెట్టవచ్చునా, చినిగిన సంచి కుట్టించినచో ఇంకొక యేడు వచ్చునా యని తల్లి లోలోపల కూడికలు, తీసివేతలు చేసికొనుచుండును. ఈ లెక్క యే కచేరి కాగితములకును ఎక్కదు. విద్యాశాఖవారి జమాఖర్చులలో ప్రభుత్వమునుండి బడికి వచ్చిన సొమ్ము కనబడునే కాని, యింటినుండి బడికి పోయిన సొమ్ము కనబడదు. కనబడని యీ లెక్కను వెలికి దీసి, విద్యావిషయమున నదియే ముఖ్యమని నిరూపింపజూచిన పరిశోధనవ్యాసమొకటి 2013 వ సంవత్సరమున అమెరికా ఆర్థికశాస్త్రసంఘమువారి పత్రికలో ప్రకటితమైనది. అందు వర్ణింపబడిన బడులలో ననేకము మన పల్లెబడులే. జిష్ణు దాస్ మొదలగు ఆరుగురు పండితులు దాని కర్తలు. పత్రికలలో దానికి రావలసినంత పేరు రాలేదని నా యభిప్రాయము. అందులకు కారణము కూడ దాని గుణమునందే కలదు.

మొదట దాని పుట్టుపూర్వోత్తరములు కొంత చెప్పవలసియున్నది. 2005 వ సంవత్సరమున, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషనును, ప్రపంచ బ్యాంకును కలిసి ఐదు జిల్లాలలో ఐదువందల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను ఎంచుకొని యొక పెద్ద పరీక్షను ఆరంభించిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను నిరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు దాని విమర్శకు పూనుకొనిరి. ఆ బడులను నూరేసి చొప్పున ఐదు పాళ్ళు చేసి, యొక పాలికి ఎక్కువ సొమ్ము, ఒక పాలికి ఎక్కువ ఉపాధ్యాయుడు, రెండు పాళ్ళకు పిల్లల మార్కులనుబట్టి ఉపాధ్యాయులకు బహుమానము ఏర్పరచి, ఐదవ పాలిని యథాస్థితిని ఉంచిరి. ఏ బడి యే పాలికి పోవలెననుట మనుష్యుల ఇచ్ఛకు విడువక, చీట్లు తీసినట్లు నిర్ణయించిరి.

ఈ చీట్ల పద్ధతి మీద కొందరికి రోత కలదు. పిల్లల చదువుతో జూదమా యని వారి యాక్షేపము. కాని యొక్క మాట ఆలోచింపుడు. సొమ్ము సంపాదించుకొను బడి సాధారణముగా చురుకైన హెడ్‌మాష్టరు గల బడియో, పలుకుబడిగల పెద్దలున్న ఊరి బడియో అయియుండును. అచ్చట పిల్లలకు చదువు బాగుగ వచ్చినచో, అది సొమ్ము మహిమయా, హెడ్‌మాష్టరు మహిమయా, ఊరిపెద్దల మహిమయా యని యెవ్వరు చెప్పగలరు? చీట్లు వేసినపుడు ఈ చిక్కు తీరును. రెండు తెగలలోను చురుకైనవారు, మందులు, ధనికులు, దరిద్రులు సమముగా పడుదురు. తుదకు కనబడు భేదము ఇచ్చినదానివలననే కలిగెనని నమ్మవచ్చును.

ఇక సొమ్ము పొందిన నూరు బడుల కథ. పిల్లవాడొక్కనికి ఏటికి 125 రూపాయల చొప్పున బడికి ముట్టినది. దీనిని గోడలకు, గదులకు వాడగూడదు. పిల్లల చేతికి తగులు వస్తువులే కొనవలెను. పాఠ్యపుస్తకములను ప్రభుత్వమే యుచితముగా నిచ్చుచుండినందున, సొమ్ములో నూటికి నలువదికి మించిన భాగము నోటు పుస్తకములకును, వ్రాత సామగ్రికిని పోయెను. మిగిలినదానిలో పటములు, అభ్యాసపుస్తకములు ప్రధానము. కొన్నిచోట్ల మధ్యాహ్నభోజనమునకు కంచములు, గరిటెలు కొనిరి. ఈ చిన్నవివరమును వ్యాసకర్తలు వదలిపెట్టక వ్రాసినందులకు వారిని మెచ్చుకొనవలసియున్నది.

మొదటి యేడాది పిల్లల మార్కులు పెరిగినవి. పెరుగుదల గొప్పది కాదు. నూరుగురు పిల్లలను వరుసగా నిలువబెట్టినచో నడుమనున్నవాడు మూడు నాలుగు స్థానములు ముందునకు జరుగునంత. రెండవ యేడాదియు అంతే సొమ్ము, ఆ బడులకే, ఆ వస్తువులకే యిచ్చిరి. కాని యీ సారి మార్కులలో చెప్పదగిన లాభమేమియు కానరాలేదు. ఏల? కచేరీలో కూర్చున్న అధికారియైనచో, ఉపాధ్యాయులు సొమ్ము తినివేసిరనియో, అలసులైరనియో తేల్చివేసియుండును. ఈ పండితులట్లు చేయక పిల్లల యిండ్లకు పోయి, బిడ్డ చదువునకు ఏ యేట ఎంత ఖర్చు చేసితిరని తల్లిదండ్రులను అడిగించిరి. సమాధానమచ్చటనే దొరకినది. మొదటి యేట సొమ్ము చెప్పకుండ వచ్చెను. అప్పటికే ఇంటివారు తమ వంతు ఖర్చుపెట్టియుండిరి. పిల్లవానికి రెండువైపులనుండియు నోటు పుస్తకములు అందినవి. రెండవ యేట సొమ్ము వచ్చునని ఇంటివారికి తెలియును; తెలిసిన తల్లి తన ఖర్చును తగ్గించుకొనినది. బడి యిచ్చినది పెరిగెను, ఇల్లిచ్చినది తరిగెను. పిల్లవాని సంచిలోని నోటు పుస్తకముల మొత్తము ఇంచుమించు మునుపటియంతయే. ఆఫ్రికాలోని జాంబియా దేశమున కూడ వారీ సంగతినే కనిపెట్టిరి: ఏటేట నియమముగా వచ్చు సొమ్ము ఇంటిఖర్చును తగ్గించెను, మార్కులను పెంచలేదు, అనుకొనకుండ వచ్చిన సొమ్ము ఇంటిఖర్చును కదల్పలేదు, మార్కులను పెంచినది.

రెండవ యేటికి మొదటి యేటి యుత్సాహము చల్లారియుండవచ్చును గదా యని చదువరులు శంకింపవచ్చును. అది న్యాయమైన శంకయే. రెండేండ్లలోను కొనిన వస్తువులు ఒకేతీరున నుండుటయు, ఇంటిఖర్చు సరిగా రెండవ యేటనే తగ్గుటయు, దూరదేశమున నదియే తీరు కనబడుటయు చూచినపుడు శంక చాలవరకు తీరును. అణువంత మిగిలియుండుననుట కూడ నిజమే.

వ్యాసకర్తల పరిభాషలో బడి సొమ్మునకు ఇంటి సొమ్ము ప్రత్యామ్నాయము. మన యిండ్లలో దీనికి సర్దుబాటని పేరు. పుట్టింటివారు పండుగకు చీర పెట్టుదురని తెలిసిన కోడలు ఆ నెల చీరకొనదు. ఆ రూపాయలతో అప్పు తీర్చును, లేక నూనె కొనును. ఇందులో వింతయేమియు లేదు. వింతయంతయు, ఇంత సామాన్యమైన సంగతిని విద్యాశాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు గమనింపకుండుటయే. బడికి ధనమిచ్చినను చదువు పెరుగుట లేదని దేశదేశములలో పరిశోధనలు ప్రకటితములైనవి. ఇల్లును లెక్కలోనికి తీసికొనినవి అందు స్వల్పము. బల్లలు లెక్కించిరి, నల్లబల్లలు లెక్కించిరి, ఉపాధ్యాయులను లెక్కించిరి. తల్లి కొంగుమూటను మాత్రము లెక్కింపలేదు.

అయినను ఈ వ్యాసమునకొక లోపము కలదు. అది చిన్నది కాదు. ఇంట మిగిలిన రూపాయలు ఎక్కడికి పోయినవి? ఇంటివారు వానిని ఇతర అవసరములకు వినియోగించి సుఖపడియుందురని వ్యాసకర్తలు శాస్త్రరీత్యా ఒప్పుకొందురు. సొమ్ము వ్యర్థమైనదని వారు చెప్పలేదు. కాని వారి తూనికరాయి మార్కు. బిడ్డ చదువు ఖర్చును వివరముగా అడిగినంత శ్రద్ధతో, మిగిలిన సొమ్ముతో ఏమి కొంటిరని అడిగియుండిన యెడల, ఈ వ్యాసము గృహజీవనమునకే యొక అద్దమయ్యెడిది. ఆ సొమ్ము చంటిబిడ్డ పాలకు పోయెనా, ముసలివారి మందులకు పోయెనా, మగవాని కల్లుకు పోయెనా? ఈ మూటికిని భేదము లేదనువాడు మనిషి కాడు. ఆ భేదము నెరుంగని అధికారి చేతిలో ఈ వ్యాసము పడినచో, మార్కులు పెరుగలేదు గావున సొమ్మాపుడని యుత్తరువు వ్రాయుటకు పనికివచ్చును. వ్యాసకర్తల యుద్దేశమది కాకపోయినను, లెక్క ఎవరి చేతిలోనికి పోవునో వారి మాటయే మాట్లాడును.

ఈ సంగతి యిప్పటిదియే. 2020 వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున పిల్లల తల్లుల ఖాతాలలోనికి ఏటికి పదునైదువేల రూపాయలు వేయు పథకమారంభమైనది; ఆ యేడే ప్రభుత్వబడుల పిల్లలకు బట్టలు, జోళ్ళు, సంచి, నోటు పుస్తకములు కలిపి యిచ్చుటయు ఆరంభమైనది. ఇట్టివానివలన చదువెంత పెరిగెనని మాత్రమే యడుగువారు ఈ 2013 నాటి వ్యాసమును చదివియుండిన యెడల, ప్రశ్ననే మార్చుకొనియుందురు. ఇంటివారు ఎటులైనను కొనునదానిని బడి యిచ్చినచో ఇంటిభారము తగ్గును. ఇంటివారు కొనలేనిదానిని ఇచ్చినచో చదువు పెరుగును. రెండును మంచివే. మొదటిదానిని ఇచ్చి రెండవదాని ఫలమును వెదకుట తగదు.

ఇంటివారు కొనలేనిది ఏది? గురువు సమయము. తక్కిన బడుల ఫలితము లీ మాటకు సాక్ష్యమిచ్చుచున్నవి. విద్యావాలంటీరును అదనముగా నిచ్చిన బడులలో రెండేండ్లకు పిల్లలు స్పష్టముగా ముందడుగు వేసిరి. ఆ వాలంటీర్ల జీతము స్థిరోపాధ్యాయుల జీతములో ఐదవవంతు. రాకపోవుట మాత్రము వారికంటె తక్కువ. మార్కులకు బహుమానమిచ్చిన బడుల వ్యాసము 2011 లో వెలువడి జగత్ప్రసిద్ధమైనది. పిల్లల సగటు మార్కులలో నూటికొక్క మార్కు పెరుగుదలకు ఐదువందల రూపాయలు బహుమానము. రెండేండ్లకు లెక్కలలో నడుమ పిల్లవాడు పది స్థానములు ముందునకు జరిగెను. విచిత్రమేమనగా, బహుమానమునకు ఆశపడి ఉపాధ్యాయులు బడికి ఎక్కువ దినములు రాలేదు. వచ్చిన దినములలోనే ఎక్కువ పని చేసిరి. బహుమానమును గూర్చి వాదోపవాదములు చాల జరిగినవి గావున ఇచ్చట విస్తరింపను. జీతము పుచ్చుకొనువానికి పనిచేయుటకు మరల లంచమా యని కోపించువారి కోపము నాకు తెలియును. పల్లెబడిలో నలుగురిలో నొక ఉపాధ్యాయుడు కానరాని దినములు చూచినవారి కోపము కూడ తెలియును.

ఈ పరిశోధకులదే మరియొక వ్యాసము, 2015 నాటిది, మన గృహస్థులు తప్పక తెలిసికొనవలసినది. 2008 మొదలు నూట యెనుబది గ్రామములలో, ప్రైవేటు బడికి పోగోరు బీదపిల్లలలో కొందరికి, ఇచ్చటను చీట్లు తీసియే, ఫీజు చెల్లించి పంపిరి. నాలుగేండ్ల తరువాత చూడగా, చీటి వచ్చి ప్రైవేటు బడికి పోయినవారికిని, చీటి రానివారికిని తెలుగులో భేదము లేదు, లెక్కలలో లేదు, ఇంగ్లీషులో లేదు, సైన్సు సాంఘికములలోను లేదు. హిందీలో మాత్రము ప్రైవేటు బడి పిల్లలు చాల ముందుండిరి. ఏలయనగా ప్రభుత్వబడిలో ఆ తరగతులలో హిందీ చెప్పనే చెప్పరు. ఈ ఫలితములను రెండు పక్షములవారును తమకు జయమని చాటుకొనిరి. ప్రైవేటు బడి పిల్లలు తెలివిగలవారని మనము చూచి మురియునది బడి గొప్పతనము కాదు, అట్టి యింటినుండి వచ్చుటయే యని ఒకరు. మూడవవంతుకు లోపు ఖర్చుతో, తెలుగునకు లెక్కలకు తక్కువ కాలము కేటాయించి కూడ, సమానఫలితము తెచ్చిరి గదా యని మరియొకరు. రెండును వ్యాసములో నున్నవే. కాని యీ తక్కువ ఖర్చు ఎక్కడనుండి వచ్చినదో జ్ఞప్తియందుంచుకొనవలెను: ఆ పల్లెల ప్రైవేటు ఉపాధ్యాయుల జీతము ప్రభుత్వోపాధ్యాయుల జీతములో ఐదవవంతైనను లేదు. ఆ జీతముతో ఆ ఉపాధ్యాయుని ఇంట జూను నెల లెక్క యెట్లు సాగుచుండెనో యే పట్టికయందును లేదు.

ఇంగ్లీషు మాధ్యమమును గూర్చి వ్యాసకర్తలు వ్రాసినది కొలది. దానిని వారు నిశ్చయముగా గాక సూచనగానే చెప్పిరి. ప్రైవేటు బడులలోను తెలుగు మాధ్యమపు బడికి పోయిన పిల్లలు ఇతర విషయములందు మేలుగా నుండిరనియు, తెలుగు బడినుండి హఠాత్తుగా ఇంగ్లీషు బడికి మారినవారికి నష్టము కలుగవచ్చుననియు దాని సారాంశము. ప్రభుత్వబడులనన్నిటిని ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చు నుత్తరువు 2019 లో వెలువడుటయు, దానిని 2020 లో హైకోర్టు కొట్టివేయుటయు ఎల్లరెరిగినవే. ఆ వాదములలో ఇరుప్రక్కలను ఉద్రేకమే యెక్కువ. మన పల్లెలలోనే దొరకిన యీ సూచన ప్రసక్తి తక్కువ. సూచన నిశ్చయము కాదు. దానిని నిశ్చయపరచుటకు మరియొక పరీక్ష జరుపవలసియుండెను. కోట్లకొలది ఖర్చుతో మాధ్యమము మార్చువారు, మొదట ఏ రెండువందల బడులలోనో చీట్లు వేసి చూచుటకు ఏమి అడ్డమో నాకు బోధపడదు.

ఈ వ్యాసములన్నియు ఇంగ్లీషు పత్రికలలో నున్నవి. వీనిలో ఏదేని యొకటి మొదట తెలుగులోనికి తేవలసినచో, నేను బహుమానముల వ్యాసమును కాక నోటు పుస్తకముల వ్యాసమునే కోరుదును. దానికి కావలసిన పారిభాషికపదములు నాలుగైదుకు మించవు, తక్కిన భాషయంతయు మన వంటయింటిలో నున్నదే. అనువదించువారెవరైనను, ఆ యిండ్లలో ఒకదానికి మరల పోయి, అప్పుడు అడుగక విడిచిన ప్రశ్నను అడిగివచ్చి, ఆ జవాబును అనుబంధముగా చేర్చిన యెడల మరియు బాగుండును. నాటి పిల్లలకిప్పుడు పిల్లలుండియుందురు.