ఎవరో చెప్పుకొనుడు: ఒక కెనడా బృందము, దాని పేరు

సంఘ సంచికలో పాశ్చాత్య సంగీతమునకు, అందును రాక్ అండ్ రోల్ అను కోలాహలమునకు, చోటేమున్నదని పెద్దలు కొందఱు అడుగవచ్చును. ప్రశ్న ఉచితమే. త్యాగరాజస్వామి కృతులకును క్షేత్రయ్య పదములకును చెందవలసిన పుటలలో గిటారు మ్రోతను గూర్చి వ్రాయుటకు నాకొక కారణము కలదు. పొరుగున మహాబలము గల జాతి యుండగా, ఆ జాతి మాటాడు భాషనే తామును మాటాడుచు, తమ గొంతు తమదేయని లోకముచేత ఒప్పించుకొనుట యెట్లు? ఈ ప్రశ్న కెనడాలోని ఒక యువక బృందమునకు ఏండ్లతరబడి ప్రాణసంకటమైనది. వారు చెప్పిన సమాధానములలో కళ యెంత, వ్యాపారమెంత యని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కెనడా దేశపు నడుమ, గోధుమచేల మైదానములలో, మానిటోబా రాష్ట్ర రాజధానియైన విన్నిపెగ్ నగరము కలదు. అది శీతకాలమున మంచుతో బిగిసిపోవు ఊరు. టొరాంటో వంటి మహానగరములకు బహుదూరమున నున్నది. అచ్చటి యువకులు వినోదమును తమకు తామే కల్పించుకొనవలసివచ్చెను. పేటలలోని సమాజశాలలలో నృత్యగోష్ఠులు జరుగుచుండెడివి. వానిలో వాయించుటకు కుఱ్ఱవాండ్ర బృందములు పుట్టగొడుగులవలె బయలుదేరినవి. రాత్రివేళ దక్షిణమునుండి గాలిలో తేలివచ్చు అమెరికా రేడియో కార్యక్రమములే వారికి గురుకులము. 1966 నాటికి కెనడా జనాభా సుమారు 2 కోట్లు. అమెరికా జనాభా దానికి దాదాపు పదిరెట్లు. కెనడా రేడియోవారు సైతము అమెరికా పాటలను, ఇంగ్లాండు పాటలను మ్రోగించుచు, స్వదేశపు పాటను చిన్నచూపు చూచుచుండిరి. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత అన్ని దేశములకును చెల్లును.

ఈ ఊరిలో చాడ్ అలన్ అను యువకుడు 1950ల చివర ఒక బృందమును కూర్చెను. 1962 నాటికి దాని పేరు చాడ్ అలన్ అండ్ ది రిఫ్లెక్షన్స్. గిటారు రాండీ బాక్‌మన్‌ది, బేస్ గిటారు జిమ్ కేల్‌ది, డ్రమ్ములు గ్యారీ పీటర్సన్‌వి, పియానో బాబ్ యాష్లీది. అమెరికాలో రిఫ్లెక్షన్స్ అను మఱియొక బృందము 1964లో ప్రసిద్ధికెక్కగా, వీరు తమ పేరును ఎక్స్‌ప్రెషన్స్ అని మార్చుకొనిరి. పొరుగువాడు పేరుపొందినందుకు ఇంటివాడు పేరు మార్చుకొనవలసివచ్చెను!

అసలు కథ 1965లో ఆరంభమైనది. 'షేకిన్ ఆల్ ఓవర్' అను పాటను జానీ కిడ్ అను గాయకుడు తన బృందముతో 1960లో పాడి ఇంగ్లాండులో ప్రథమస్థానము పొందియుండెను. దానినే వీరు మఱల పాడి రికార్డుచేసిరి. అవి బీటిల్స్ బృందము ఉత్తర అమెరికాను ఊపివేయుచున్న దినములు. కెనడా పాటయనిన రేడియోవారు ప్రక్కకు నెట్టుదురని యెఱిగిన క్వాలిటీ రికార్డ్స్ సంస్థవారు, రేడియో కేంద్రములకు పంపిన రికార్డులపై బృందము పేరు వ్రాయక, 'గెస్ హూ?' అని మాత్రము ముద్రించిరి. 'ఎవరో చెప్పుకొనుడు' అని దాని యర్థము. వినువారు ఇది యేదియో ఇంగ్లాండు బృందమని భ్రమపడవలెనని వారి యెత్తు. ఎత్తు పారినది. పాట కెనడాలో ప్రథమస్థానమునకును, అమెరికాలో 22వ స్థానమునకును చేరెను. నిజము బయటపడిన పిమ్మటను రేడియోవారు ఆ వేళాకోళపు మాటనే పట్టుకొనిరి. పొడుపుకథయే పేరై నిలిచినది.

విమర్శకుడు ఇచ్చట కొంత ఆగవలెను. ఆ పాటలో వేగము కలదు, గిటారులో మెఱుపు కలదు. గొంతులో మాత్రము వారి ఊరి జాడ లేదు. దీనిని నిందించుట సులభము, కాని అన్యాయము. అనుకరణము సాధనకు తొలిమెట్టు. స్వదేశీయుడని తెలిసిన మాత్రముననే చెవి మూసికొన్నవారు ఉండుటచేతనే ముసుగు అవసరమైనది. తప్పులో పెద్దపాలు వారిదే. అయినను ముసుగునకు మూల్యము చెల్లింపక తప్పలేదు. బృందమునకు తన పేరిచ్చిన చాడ్ అలన్ పేరు క్రమముగా రికార్డులపైనుండి జాఱిపోయినది. 1966లో ఆయన బృందమునే వీడెను.

అప్పటికే యాష్లీ స్థానమున బర్టన్ కమ్మింగ్స్ అను పదునెనిమిదేండ్ల యువకుడు చేరియుండెను. పియానో వాయించును, వేణువు నూదును. అన్నిటికంటె మిన్నగా, మంద్రమునుండి తారమువఱకు తొణకని కంఠము అతని సొత్తు. 1967లో బృందము కీర్తిని వెదకుచు ఇంగ్లాండునకు వెళ్ళెను. ఇంగ్లాండువారుగా భ్రమింపజేసి గెలిచినవారు నిజమైన ఇంగ్లాండులో ఓడిపోయిరి. 'హిజ్ గర్ల్' అను పాట అచ్చటి పట్టికలో 45వ స్థానమున తొంగిచూచి మఱలిపోయినది. ఆశించిన కచ్చేరీలు కుదురలేదు. అప్పులతో ఇల్లు చేరిరి. కెనడా ప్రభుత్వ ప్రసారసంస్థయగు సి.బి.సి. వారు విన్నిపెగ్‌లో నిర్మించిన 'లెట్స్ గో' అను టెలివిజన్ కార్యక్రమమే వారిని ఆదుకొన్నది. అందులకై వారు వారమువారమును పరుల పాటలను నేర్చి వాయింపవలసివచ్చెను. ఇది కూలిపనివలె తోచునుగాని, నా దృష్టిలో ఇదియే వారి నిజమైన విద్యాభ్యాసము. నూఱు ఇండ్లకు గోడలు కట్టినవానికి తన యిల్లెట్లుండవలెనో తెలియును.

తరువాత జాక్ రిచర్డ్‌సన్ అను నిర్మాత వారికి తోడైనాడు. టొరాంటోలోని నింబస్ 9 అను సంస్థ ఆయనది. 1968లో ఆయన తన యింటిని తాకట్టుపెట్టి, ఆ ధనముతో న్యూయార్కులో 'వీట్‌ఫీల్డ్ సోల్' అను రికార్డును చేయించెను. ఆ పేరును గమనింపుడు: 'గోధుమచేని ఆత్మ'. ఇంగ్లాండు ముసుగు తొలగి, ఊరి మట్టి పేరులోనికి వచ్చినది.

అందలి 'దీజ్ ఐస్' అను పాట 1969లో అమెరికాలో 6వ స్థానమునకు చేరి, పదిలక్షలకు పైగా అమ్ముడుపోయెను. బాక్‌మన్, కమ్మింగ్స్ కలిసి కట్టిన పాట యిది. మెల్లని పియానో పలుకులతో ఆరంభమగును. గాయకుడు మాటాడునంత తగ్గుస్థాయిలో తన విరహమును చెప్పుకొనును. పాట సాగినకొలది ఆధారశ్రుతియే మెట్టుమెట్టుగా పైకి జరుగును. బెన్ మెక్‌పీక్ సమకూర్చిన తంత్రీవాద్యములు వెనుకనుండి అలవలె లేచును. మన సంగీతమున ఆధారషడ్జము కదలదు. భావమంతయు దానిపైననే విహరింపవలెను. వీరి పద్ధతిలో నేలయే పైకి లేచును, దుఃఖమును దానితోడనే లేచును. ఈ యుపాయము చవుకబాఱుట సులభము. ఇచ్చట చవుకబాఱకుండుటకు కారణము కమ్మింగ్స్ గాత్రనిగ్రహము: అతడు శిఖరముననే బలమును చూపునుగాని, దారిలో వృథాచేయడు.

అంతకంటెను మేలైనది అదే సంవత్సరపు 'అన్‌డన్'. బాక్‌మన్ బాల్యమున వయొలిన్ నేర్చెను. తరువాత విన్నిపెగ్‌లోనే నివసించిన లెనీ బ్రో అను జాజ్ గిటారు విద్వాంసునివద్ద మెలకువలు గ్రహించెను. ఆ గురుఋణము ఈ పాటలో తీరినది. రాక్ బృందములకు అలవాటులేని జాజ్ స్వరసంపుటులు, తొందరలేని నడక, నడుమ కమ్మింగ్స్ వేణువు: కోలాహలము ఏమాత్రమును లేదు. 'లాఫింగ్' అను పాట 10వ స్థానము పొందగా, అదే రికార్డునకు వెనుకవైపున నున్న ఈ పాట 22వ స్థానముతో తృప్తిపడెను. పట్టిక తీర్పును నేనంగీకరింపను. ఇంగ్లాండునుండియు అమెరికానుండియు ఎరువుదెచ్చుకొనక, తమ ఊరి గురువునుండి నేర్చిన విద్యతో కట్టిన ఈ పాటయే వారి కృషికి కిరీటము.

లోకము మాత్రము వేఱొక పాటకు కిరీటము పెట్టినది. ఒక కచ్చేరీలో బాక్‌మన్ గిటారు తీగను మార్చి శ్రుతిచేయుచు యాదృచ్ఛికముగా వాయించిన వరుసకు కమ్మింగ్స్ అప్పటికప్పుడు మాటలు కట్టెను. అదియే 'అమెరికన్ ఉమన్'. 1970 మే మాసమున అది అమెరికాలోని బిల్‌బోర్డు హాట్ 100 పట్టికలో ప్రథమస్థానమునకెక్కి మూడువారములు నిలిచినది. ఆ గౌరవము పొందిన కెనడా రాక్ బృందములలో ఇదియే మొదటిది. వియత్నాం యుద్ధముచేత కలతపడిన అమెరికాను కాదనిన పాటగా దానిని పలువురు వినిరి. అదే జూలైలో బ్రిటిష్ రాకుమారుని, రాకుమార్తెను గౌరవించుటకు అధ్యక్షభవనమున కచ్చేరీ చేయుటకు వీరికి పిలుపు వచ్చినది. ఆ యొక్క పాటను మాత్రము పాడవలదని కోరిరి. వీరు పాడలేదు. పొరుగువానిని కాదనిన పాటను పొరుగువాడే నెత్తిన పెట్టుకొనెను. అతని యింటికి పిలిచినప్పుడు పాడినవారే నోరు మెదపలేదు. పాటలో గిటారు వరుస మఱపురానిదే. రచనలో మాత్రము 'అన్‌డన్' నందలి నేర్పు లేదు.

ఆ 1970లోనే బాక్‌మన్ బృందమును వీడెను. కొత్తవారితో కమ్మింగ్స్ మఱికొన్ని మంచి పాటలు పాడినను, 1975లో బృందము ముగిసినది. ఇంతలో 1971 జనవరినుండి కెనడాలో ఒక నియమము అమలునకు వచ్చినది: ఎ.ఎం. రేడియో సంగీతములో 30 శాతము స్వదేశీయమై యుండవలెను. స్వరరచన, గానము, నిర్మాణము, సాహిత్యము అను నాలుగింటిలో రెండైనను కెనడావారివి కావలెను. నియమము లేకయే గెస్ హూ గెలిచినది గదా యని ఆక్షేపించువారు కలరు. గెలిచినమాట నిజమే. కాని ఆ గెలుపునకు ఒక ముసుగు, ఒక తాకట్టు కావలసివచ్చినవి. ప్రతి బృందమునకును ఇల్లు తాకట్టుపెట్టు నిర్మాత దొరకునా?

ఇక పేరు సంగతి. వేళాకోళముగా పుట్టిన ఆ పేరును బృందము ముగిసిన చాల యేండ్లకు పూర్వసభ్యుడొకడు తన పేర నమోదుచేసికొనగా, వేఱొక బృందము ఆ పేరిట కచ్చేరీలు చేయుచుండెను. బాక్‌మన్, కమ్మింగ్స్ 2023లో న్యాయస్థానము నాశ్రయించిరి. 2024లో రాజీ కుదిరి ఆ పేరుపై హక్కు వారికి దక్కినది. ఎవరో తెలియరాదని పెట్టిన పేరుకొఱకు, తామెవరో తెలియుటకై వృద్ధాప్యమున పోరాడిరి!

చదువరులారా, పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఇంటిపేరు పొడియక్షరమై, కొన్ని యిండ్లలో ఆ యక్షరమును జాఱిపోవుట మనమెఱుగనిది కాదు. అవసరము కొఱకు చేసినదానికి నిందలేదు. కాని గోధుమచేని పేరుతో ఆ యువకులు తమ రికార్డునకు నామకరణము చేసిననాడే వారి సంగీతము తేరుకొన్నది. ముసుగు వాకిలి తెఱచును. లోపల పాడవలసినది మాత్రము మన గొంతే.