కారానికి పేరు తెచ్చే పనితనం

ప్రత్తిపాడు చుట్టుపక్కల నల్లరేగడిలో పండిన మిరప, టిక్కీల్లోకి (బస్తాల్లోకి) ఎక్కి గుంటూరు మిర్చి యార్డు చేరగానే పండించినవారి పేరు పోగొట్టుకుంటుంది. గుంటూరు సన్నం రకం మిరపకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ, అది ప్రాంతానికి దక్కిన గౌరవం. సొంత పేరుతో కారం అమ్మాలంటే నమ్మకం విడిగా సంపాదించుకోవాలి. ఫోన్‌లోనే ఆ నమ్మకాన్ని కూడగట్టే చిన్న అమ్మకందారుల నేర్పు నిజంగా మెచ్చదగ్గది. వారిలో సమర్థులు ‘మా కారమే మేలు’ అని ఊదరగొట్టరు. కల్లంలో కాయ ఎండటం, తాలుకాయ ఏరడం, తొడిమ తీయడం, మరలో ఆడించడం ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో చూపిస్తారు. తేజ రకం ఘాటుకు, బ్యాడిగి రకం రంగుకు అని విడమరుస్తారు. రీల్ కొత్తవారిని రప్పిస్తే, వాట్సాప్‌లో ధరల పట్టిక, వెంటనే ఇచ్చే జవాబు వారిని నిలుపుతాయి.

ఇదంతా పైపై హంగేనని, తెరమీద రుచి తెలియదని, రంగు కలిపిన కారమూ ఎర్రగానే కనిపిస్తుందని కొందరి అభ్యంతరం. అందులో నిజముంది. అందుకే ప్యాకెట్‌పై ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, తయారీ తేదీ స్పష్టంగా చూపడం ప్రచారంలో భాగం కావాలి. పైగా కారం ఒక్కసారి కొని వదిలేసే సరుకు కాదు. మొదటి ప్యాకెట్‌ను వీడియో అమ్మవచ్చు, రెండోదాన్ని రుచే అమ్మాలి. యాప్ నియమాలు మారితే చూసేవారు తగ్గిపోతారన్న భయమూ సహేతుకమే. కొన్నవారి నంబర్లను వారి అనుమతితో దాచుకోవడం దానికి విరుగుడు. చేసిన పనిని దాపరికం లేకుండా చూపగలిగినవారికే ఈ ప్రచారం పేరు నిలబెడుతుంది.