కొండ కింద మస్టర్

ఉపాధి పనిలో పార పట్టినవాళ్లు కనిపిస్తారు, కొలత టేపు పట్టినవాళ్లు కనిపిస్తారు. మండల ఆఫీసులో కూర్చుని, ఎక్కడో చెరువు కట్ట మీద నిలబడ్డ మేట్ (కూలీల జట్టు పెద్ద) చేతిలోని ఫోన్‌ను మాట సాయంతోనే దారికి తెచ్చే కంప్యూటర్ ఆపరేటర్ మాత్రం ఎవరి కంటా పడరు. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో ఆ పని ఎంత నేర్పు కోరుతుందో దగ్గరగా చూస్తే, దాన్ని చక్కగా చేసేవాళ్ల మీద గౌరవం పుడుతుంది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం, మరుసటి ఏడాది రెండో విడతలో నెల్లూరు జిల్లాకు వచ్చింది. కరువు పని అని పిలిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పంట కుంటలు, కందకాలు, చెరువుల పూడికతీత, పొలాలకు మట్టి రోడ్లు... వానను నమ్ముకున్న నేలకు అవసరమైన మట్టి పనులే ఎక్కువ. హాజరు ఒకప్పుడు కాగితం మస్టర్ (హాజరు పట్టీ) మీద పడేది. 2021 మేలో కేంద్రం ఎన్‌ఎంఎంఎస్ అనే మొబైల్ యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా అన్నిటికీ హాజరు అందులోనే. పొద్దున పేర్లతో పాటు ఒక ఫోటో, నాలుగు గంటల తర్వాత ఇంకొకటి. తీసిన సమయం, తీసిన చోటు ఫోటోతోనే నమోదవుతాయి. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. పాతికమంది ఉన్న పనిలో ఒక్క ఫోన్ మొరాయిస్తే ఏడున్నర వేల పైచిలుకు కూలి చిక్కులో పడుతుంది. ఆపరేటర్ బల్ల మీద ఫోన్ మోగినప్పుడు అవతల ఉన్నది ఆ డబ్బు.

ఇక నేల సంగతి. ఉదయగిరి, సీతారామపురం వైపు వెలిగొండలు అడ్డంగా నిలబడి ఉంటాయి. ఆత్మకూరు పట్టణం చుట్టుపక్కల ఫోన్ బాగానే పలుకుతుంది గానీ, మర్రిపాడు వైపు గుట్టల్లోకి పోయేకొద్దీ నమ్మకం తగ్గుతుంది. వాననీరు ఆపే కందకం తవ్వాల్సింది కొండవాలులో. టవర్ చూపు అందనిదీ ఆ వాలుకే. అందుకే నేర్పున్న ఆపరేటర్ పని ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. మేట్ ఇంటి దగ్గర, సిగ్నల్ ఉండగానే, రేపటి మస్టర్ ఫోన్‌లోకి దిగిందో లేదో కనుక్కుంటారు. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉన్నాయా, ఫోన్‌లో ఖాళీ ఉందా, చార్జింగ్ పెట్టారా అని అడుగుతారు. పనిచోట అరగంట తిప్పలు పెట్టే చిక్కుల్లో చాలావాటిని ఇంటి గుమ్మంలో రెండు నిమిషాల్లో తీర్చేయవచ్చు.

అయినా కొన్ని మిగులుతాయి. "సార్, లొకేషన్ రావటంలే" అని ఫోన్ వస్తుంది. తెలియనివాళ్లు వెంటనే సిగ్నల్ మీదకు తోస్తారు. తెలిసినవాళ్లు ముందు అడిగేది "చెట్టు కింద ఉన్నావా అమ్మా?" అని. లొకేషన్ ఇచ్చేది ఉపగ్రహం, దానికి టవర్ అక్కర్లేదు. కాకపోతే డేటా అందనిచోట మొదటిసారి చోటు పట్టుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. చింతచెట్టు నీడ వదిలి, ఆకాశం కనిపించేచోట ఓపికగా నిలబడితే వస్తుంది. తెర చూడకుండా, ఎదుటి మనిషి కంగారును దాటి, సరైన ప్రశ్న ముందు వేయడంలోనే సగం విద్య ఉంది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వాళ్లు చెప్పని మాట. ఫోన్‌లో ఏ యాప్ పనిచేయకపోయినా లోకమంతా చెప్పే చిట్కా ఒకటే: తీసేసి మళ్లీ వేసుకో, లేదా డేటా క్లియర్ చెయ్యి. ఇక్కడ ఆ చిట్కా కూలీల కడుపు కొడుతుంది. సిగ్నల్ లేనప్పుడు పొద్దుటి హాజరు, ఫోటో ఫోన్‌లోనే దాచుకుని, నెట్‌వర్క్ అందాక పంపే వీలు ఈ యాప్‌లో ఉంది. పంపకముందే యాప్ తీసేస్తే ఆ పొద్దుటి పనికి సాక్ష్యం తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే మంచి ఆపరేటర్ నోట మొదటి మాట "యాప్ ముట్టుకోవద్దమ్మా, అట్టనే ఉండనీ" అని వస్తుంది. ఆ తర్వాతే తక్కిన ప్రశ్నలు. పొద్దుటి నుంచి అదే చిక్కు మీద పది ఫోన్లు వచ్చాక కూడా ఆ వరస తప్పకపోవడాన్ని నేను పనితనం అంటాను.

ఫోటోకూ ఒక ఒడుపు ఉంది. ఎండాకాలం జనం తెల్లవారుతూనే పనికి దిగుతారు. ఏటవాలు ఎండకు ఎదురుగా తీస్తే ముఖాలన్నీ నల్లగా పడతాయి. సూర్యుడు మేట్ వీపున ఉండాలి, తలపాగాలు కాస్త పైకి జరపాలి. రెండో ఫోటో వేళకు ఎండ మండుతుంటుంది. అప్పటిదాకా ఫోన్‌ను గట్టు మీద వదిలేస్తే వేడెక్కి కెమెరా తెరుచుకోదు. తడిగుడ్డ కప్పిన నీళ్లకుండ పక్కన, నీడలో పెట్టమని చెప్పడం కూడా సాంకేతిక సాయమే.

ఎంత చేసినా ఎక్కని రోజు ఉంటుంది. అలాంటి అసాధారణ పరిస్థితిలో హాజరును చేత్తో నమోదు చేయించే అధికారం జిల్లా ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కు ఉంది. ఆ మెట్టు ఎక్కాలంటే ఆధారం కావాలి. "ఎర్రర్ వచ్చిన తెరను స్క్రీన్‌షాట్ తీసి ఉంచు, టైము కనపడాలి" అని అప్పటికప్పుడు చెప్పించే ముందుచూపు ఇక్కడ అక్కరకొస్తుంది. సాయంత్రం అడిగితే ఆ తెర ఉండదు. ఇంకోవైపు, 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఈ యాప్ దుర్వినియోగం మీద రాష్ట్రాలకు లేఖ రాసింది. పనికి సంబంధం లేని ఫోటోలు, ఫోటోకే తీసిన ఫోటోలు ఎక్కిస్తున్నారని అందులో ఎత్తిచూపింది. మోసం ఎక్కడున్నా శిక్షించాల్సిందే. నిజంగా పనిచేసిన జట్టు ఫోటో ఎక్కక దొడ్డిదారి వెతుక్కునే అవసరం రాకుండా చూసేది మాత్రం ఇలాంటి ఆపరేటర్లే.

వీళ్లు కాలపరిమితి మీద పనిచేసే ఉద్యోగులు. ఏ గుట్ట వెనక ఫోన్ మూగబోతుందో, ఏ కట్ట మీద రెండు గీతలైనా వస్తాయో, ఏ మేట్‌కు మెల్లగా చెప్పాలో పైనుంచి వచ్చే సర్క్యులర్లలో ఉండదు. అది ఆ మనిషికే తెలుసు. మండలం మారితే ఆ ఎరుక కూడా ఆయనతోనే పోతుంది. కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టేముందు ఒక మస్టర్ వారమైనా పాతవాళ్ల వెంట పనిచోట్లకు తిప్పాలి. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు, మండల స్థాయిలో ఒక నిర్ణయం చాలు.