ఏటి ఒడ్డున కుంచె

ఏటి ఒడ్డున కూర్చుని బొమ్మలు వేయడం ఇవాళ సరదాగా కనిపిస్తుంది కానీ, ఒకప్పుడు అదో పెద్ద తంటా. నూనె రంగులు పంది మూత్రాశయపు తిత్తుల్లో ఉండేవి. మేకుతో పొడిచి పిండాలి. ఆపైన చిల్లు సరిగా మూయకపోతే రంగంతా గట్టిపడేది. 1841లో అమెరికా చిత్రకారుడు జాన్ రాండ్ తగరపు ట్యూబుకు పేటెంటు పొందాక ఆ బెడద తగ్గింది. ఫ్రాన్సులో చిత్రకారుడు దోబిన్యీ 1857లో ఏకంగా పడవనే స్టూడియో చేసుకున్నాడు. 1869లో చిత్రకారులు మోనే, రెన్వార్ సీన్ నది ఒడ్డున పక్కపక్కనే నిలబడి గ్రెనూయేర్ స్నానాల రేవును చిత్రించారు. ఆ బొమ్మల్లో నీళ్లను చూడండి: దగ్గరికెళితే అడ్డంగా పెట్టిన పొట్టి రంగు గీతలే, నాలుగడుగులు వెనక్కి వేస్తే కదిలే అలలు! ఎండ మారేలోగా చెయ్యి ఆడాలి మరి. తర్వాత మోనే కూడా పడవ సంపాదించాడు. 1874లో మరో చిత్రకారుడు మానే ఆయన్ని ఆ పడవలోనే, కుంచె చేతపట్టుకుని ఉండగా చిత్రించాడు. వెనక, పడవ గదిలో మోనే భార్య కామీ కూర్చుని ఉంది.