గ్యాంబుల్ గ్రంథమూ ఫోను కెమెరా: ఒకే ముంగిట్లో

మా అక్కావాళ్లు హైదరాబాదు శివార్లలో కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు తొలకరికి తోట వేయించారు. కడియం నుంచి లారీలో మొక్కలొచ్చాయి. మనుషులొచ్చి మూడు రోజుల్లో ఎర్రమట్టి పోసి, పచ్చిక పరిచి, అంచుల్లో గులకరాళ్లు పేర్చి వెళ్లిపోయారు. అక్క చేతిలో ఒక బిల్లు మిగిలింది. మినీ చాందిని, పాండా, ఎల్లో డురాంటా, ఎక్సోరా మినీ, సాంగ్ ఆఫ్ ఇండియా, ఫాక్స్‌టెయిల్, కోనోకార్పస్. ఏ పేరు ఏ మొక్కదో అందులో లేదు. బిల్లుకెక్కని మొక్కలు కూడా మట్టిలోంచి తలెత్తుతున్నాయి. "వీడు కనబడిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడే. ఇందులో విషపు మొక్క ఏదైనా ఉందేమో చూసి చెప్పు" అంది అక్క, రెండేళ్ల మనవణ్ణి చంకనేసుకుని.

రెండింటిని వెంట తీసుకెళ్లాను. ఒకటి మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద గ్యాంబుల్ రాసిన గ్రంథం. రెండోది ఫోనులో ప్లాంట్‌నెట్ యాప్. నాలుగు వారాంతాలు ఆ ముంగిట్లో కూర్చున్నాను. మొక్క పేరు చెప్పడమే రెండింటి పనీ. కానీ రెండూ మొక్కను చూసే తీరు పూర్తిగా వేరు.

జేమ్స్ సైక్స్ గ్యాంబుల్ అటవీశాఖ మనిషి. మద్రాసు అడవుల్లో పనిచేశాడు, డెహ్రాడూన్ ఫారెస్టు స్కూలు నడిపాడు. ఉద్యోగం ముగిశాక ఇంగ్లండు వెళ్లి, ఎండబెట్టి అట్టలకు అంటించిన మొక్కల నమూనాలు ముందేసుకుని ఈ పుస్తకం రాశాడు. మొదటి భాగం 1915లో వచ్చింది. 1925లో ఆయన పోతే, మిగిలింది ఫిషర్ 1936లో పూర్తిచేశాడు. ఇది ప్రశ్నల పుస్తకం. ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా? అండాశయం రేకలకు పైనుందా, కిందా? కేసరాలెన్ని? ప్రతి ప్రశ్న దగ్గరా దారి చీలుతుంది. ఒకటి పట్టుకుని నడిస్తే ఇంకో చీలిక వస్తుంది. చివర ఒక పేరు, దాని కింద నాలుగైదు పంక్తుల వర్ణన. క్రియాపదాలు కూడా ఉండవు. అంత పొదుపు.

ప్లాంట్‌నెట్ ఫ్రెంచి పరిశోధన సంస్థలు 2009లో తలపెట్టిన పని. ఫోన్లలోకి 2013లో వచ్చింది. మనం ఫొటో పెడతాం. అది ఆకా, పువ్వా, కాయా, బెరడా అన్నది ఎంచుకుంటాం. పోలికలున్న మొక్కల్ని శాతాలతో వరుసగా చూపిస్తుంది. పుస్తకం మనల్ని అడిగినంత ఇది అడగదు.

మినీ చాందినితో మొదలుపెట్టాం. మోకాలెత్తు పొద, సమంగా కత్తిరించి ఉంది. ఒక్క పువ్వూ లేదు. ఫోను మొదట తడబడింది. రెండో ఫొటోకి టాబర్నేమోంటానా అంది. నేను ఆకు తుంచాను. పాలు చుక్క కట్టింది. ఆకులు ఎదురెదురు. పుస్తకంలో గన్నేరు కుటుంబం దాకా వెళ్లేసరికి అక్క నా చేతిలోంచి ఆకు లాక్కుంది. "ఇది నందివర్ధనమే కదే! అమ్మ పూజకి కోసేది." అవును, అదే, కురచ రకం. బజారులో చాందిని అయిపోయి మా గడప తొక్కింది. పువ్వు లేకపోతే మేం చిన్నప్పటి మొక్కనే పోల్చుకోలేకపోయాం. ఎక్సోరా మినీ అంటే నూరువరహాలని తేలినప్పుడూ అంతే. దాన్ని తుంచితే పాలు రావు. ఎదురెదురు ఆకుల తొడిమల మధ్య, కణుపు మీద, సన్నటి మొన ఒకటి లేచి ఉంటుంది. గ్యాంబుల్ చూడమనేది ఆ మొననే. కాఫీ మొక్కకూ అదే గుర్తు, రెండూ ఒకే కుటుంబం. బంగారు నాణేన్ని తలచుకుని పెట్టిన పేరు బిల్లు మీద "మినీ" దగ్గర ఆగిపోయింది. దానికి నాకు నిజంగానే బాధ కలిగింది.

ఈ రెండు మొక్కల దగ్గర పుస్తకానిదే పైచేయి అంటాను. ఫోను చెప్పిన పేరూ సరైనదే. కానీ ఆకు తుంచమని, కణుపు చూడమని అది చెప్పలేదు. ఆ గుర్తు తెలిసిన మనిషి రేపు ఇంకో ఊళ్లో, ఇంకో ముంగిట్లో, చేతిలో ఏమీ లేకుండానే ఆ కుటుంబాన్ని పోల్చుకుంటాడు.

ప్రహరీ వారగా బిల్లులో లేని మొక్కలు నాలుగున్నాయి. సన్నగా పొడుగ్గా మెరిసే ఆకులు. ఒక ఆకు ఫొటో పెడితే ఫోను గన్నేరు అంది. ఇంకో ఆకుకి పచ్చగన్నేరు అంది. మూడోదానికి ఇంకేదో దేశపు చెట్టు పేరు చెప్పింది. తప్పు ఫోనుది కాదు, నాది. విడిగా ఒక ఆకును చూపిస్తే ఆ రెండింటికీ తేడా చెప్పడం కష్టం. తేలిగ్గా తెలిసే తేడా ఉన్నది ఆకు కొమ్మకు అతికే చోట. గన్నేరుకు మామూలుగా ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు చుట్టూ వస్తాయి. పచ్చగన్నేరుకు ఆకులు ఒక్కొక్కటిగా మెలికలు తిరుగుతూ పైకెక్కుతాయి. కొమ్మంతా వచ్చేట్టు మళ్లీ ఫొటో తీస్తే ఫోను పచ్చగన్నేరు దగ్గర నిలబడింది. ఏం ఫొటో తీయాలో నాకు చెప్పింది మాత్రం గ్యాంబుల్ నేర్పిన ప్రశ్నే.

అక్కకు కావలసిన జవాబు అయితే రెండింటికీ ఒకటే. గన్నేరైనా, పచ్చగన్నేరైనా పాలు, ఆకులు, గింజలు అన్నీ గుండెను దెబ్బతీసే విషమే. ఆ నాలుగు మొక్కల్నీ ఆ సాయంత్రమే తీయించేశాం. డురాంటా కాయలు కూడా పిల్లల నోటికి అందకూడదని చెప్పాను.

పుస్తకం చేతులెత్తేసిన చోటు గేటు పక్కనుంది. నున్నటి బూడిదరంగు మాను, పైన నక్కతోకల్లా కుచ్చుగా ఆకులు. బిల్లులో ఫాక్స్‌టెయిల్. గ్యాంబుల్ తాళవృక్షాలన్నీ తిరగేసినా ఇది దొరకదు. దొరికే అవకాశమే లేదు. శాస్త్రలోకం దీనికి పేరు పెట్టిందే 1983లో. ఆస్ట్రేలియా ఈశాన్య కొసన కేప్ మెల్విల్ బండరాళ్ల మధ్య తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు ఇది. ఫోను రెండు క్షణాల్లో వోడ్యేషియా బైఫర్కేటా అని చెప్పింది. ఆ పేరు వోడ్యేటి అనే ఆదివాసీ పెద్దది. ఆ చెట్టు సంగతులు తెలిసిన మనిషి ఆయన. అంత దూరం నుంచి వచ్చిన చెట్టు పక్కన ఒక్క మనిషి పేరు తలచుకునే వీలు ఫోను కల్పించింది. అది చిన్న విషయమని నేననుకోను.

ఆ మాట దగ్గర నాకు సోమిద చెట్టు గుర్తొచ్చింది. గ్యాంబుల్‌కు నూరేళ్లకు పైగా ముందు, కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచుతూ కోస్తా మొక్కలకు బొమ్మలు వేయించాడు. అవే 1795 నుంచి 1820 దాకా 300 చిత్రాలతో మూడు సంపుటాలుగా వచ్చాయి. ఆయన మొక్క పక్కన తెలుగు పేరు రాసుకునేవాడు. ఆ అలవాటు వల్లనే మన సోమిద తర్వాత సోయిమిడా అనే ప్రజాతిగా లాటిన్‌లో నిలిచింది. గ్యాంబుల్ కూడా చాలా చెట్లకు తెలుగు పేర్లిస్తాడు. ఫోనులో నాకొచ్చిన ఫలితాల్లో తెలుగు పేరు కనిపించడమే అరుదు. ఇంత పెద్ద భాషకు ఈ లోటు ఉండకూడదు. దీన్ని పూరించగలిగిన వాళ్లం మనమే.

బిల్లు పేర్లకు వస్తే, నర్సరీ వాడుక పనివాళ్లకు పనికొచ్చే భాష, దాన్ని తీసిపారేయను. కానీ సాంగ్ ఆఫ్ ఇండియా మాట చూడండి. ఆ డ్రసీనా సొంతవూరు మడగాస్కర్, మారిషస్ వైపు. పేరులో ఇండియా ఉన్నంత మాత్రాన దానికి మన నేలతో చుట్టరికం లేదు. పాండా మాత్రం మర్రి, రావి కుటుంబపు ఫైకసే, మన దేశంలో సహజంగా పెరిగేదే. పరాయి పేరుతో తిరిగొచ్చింది.

కోనోకార్పస్ దగ్గర ఫోను ఇచ్చిన శాతాల్ని బాగా చదవాల్సి వచ్చింది. అమెరికా, పశ్చిమాఫ్రికా తీరాల మడ అడవుల్లో పెరిగే ఎరెక్టస్‌ను మొదట చూపించింది, సోమాలియా తీరపు లాన్సిఫోలియస్‌ను రెండోది. ఎక్కువ ఫొటోలున్న మొక్క వైపు యంత్రం మొగ్గడం సహజం. కోసుగా సన్నటి ఆకుల్ని చూసి నేను రెండోదే అనుకున్నాను. ఏదైనా సరే, ఆ మొక్క ఆ ముంగిట్లో ఉండకూడదన్నాను. వేర్లు పైపుల్లోకి దూరతాయని, పుప్పొడి పడదని ఫిర్యాదులొచ్చి గుజరాత్ 2023లో దీన్ని నాటడం నిషేధించింది. తెలంగాణలోనూ మొక్కలు నాటే ప్రభుత్వ పథకం హరితహారంలో నాటొద్దని ఆదేశాలొచ్చాయి. అక్క ఇంకా ఆలోచిస్తోంది. బావగారికి గోడలా పెరిగే ఆ పచ్చదనం బాగా నచ్చింది.

తెలియనప్పుడు ఈ రెండూ ఎలా ప్రవర్తిస్తాయన్నది నాకు ముఖ్యం అనిపించింది. గ్యాంబుల్ దారిలో తప్పడుగు వేస్తే, రెండు ప్రశ్నల తర్వాత ఏ దారీ మన మొక్కకు సరిపోదు. అక్కడే ఆగిపోతాం. ఫోను ఆగదు, ఏదో ఒక పేరు ఇస్తుంది. ఆ పేరు పక్కన పన్నెండు శాతం అని రాసి ఉంటే అది ఒప్పుకోలే, చదివేవాళ్లుంటే. నేను చూసినంతలో జనం పేరు చదువుతారు, శాతం చదవరు. పుస్తకానికి మరో పరిమితి ఉంది. హైదరాబాదు నిజాం రాజ్యంలోది, మద్రాసు ప్రెసిడెన్సీలోది కాదు. అట్ట మీద పేరు ప్రకారం ఈ ముంగిలి గ్యాంబుల్ హద్దులో లేనే లేదు. అయినా కర్నూలు, అనంతపురం నేలల మొక్కలు ఆ పేజీల్లో ఉండటంతో, తమంతట తామే మొలిచినవాటికి అది చక్కగా పనిచేసింది. కుప్పింట, గడ్డిచామంతి, రెడ్డివారి నానుబాలు, నేల ఉసిరి ఒక్క పూటలో తేలాయి. అవన్నీ చిన్నవయసులోనే పూస్తాయి. వయ్యారిభామ మాత్రం ఎర్రమట్టితో వచ్చిందనుకుంటాను. అది మన దేశంలో కనబడిందే 1950లలో పుణెలో, అందుకని గ్యాంబుల్‌లో ఉండే వీల్లేదు. ఫోనే చెప్పింది.

ఒక మొలక దగ్గర రెండూ ఓడిపోయాయి. జానెడెత్తు, సన్నటి ఆకులు, కాస్త ఎర్రజీర. పువ్వు లేనిదే గ్యాంబుల్ నోరు విప్పడు. ఆయన ముందున్న ఎండు నమూనాలు పూతతోనో కాతతోనో కోసినవి. ఫోనుకు లోకం పంపే ఫొటోలు కూడా ఎక్కువగా విచ్చిన పువ్వులవే. అది తోటకూర జాతి అంది, అదీ తక్కువ శాతంతో. నర్సరీవాళ్లకు మొక్క సంచిలో అమ్మకానికొచ్చిన వయసులో తెలుసు, అక్కకూ నాకూ పూజకు పూసిన వయసులో. కొత్తగా వేసిన తోటలో మాత్రం అన్నీ పసివే, పైగా కత్తిరించినవి.

ఆ పూట కలుపు తీయడానికి పక్క ఊరి పెద్దమ్మ వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని వరుసగా పీకుతూ వచ్చి, ఆ మొలక దగ్గర చెయ్యి ఆపింది.

"ఇది పీకద్దు బిడ్డా. గునుగు."

"పువ్వు లేకుండా ఎట్ల తెలిసింది?" అన్నాను.

"పువ్వొచ్చేదాంక ఆగితే చేను మునుగుతది" అంది. జొన్నచేలో, పత్తిచేలో ఏళ్ల తరబడి కలుపు తీసిన చెయ్యి అది. మొలకలో పోల్చుకోకపోతే పంట పోతుంది, అందుకని ఆమెకు మొలకే తెలుసు.

పుస్తకం తెరిచి తోటకూర కుటుంబంలో సెలోసియా అర్జెంటియా దగ్గర చూశాను. కాగితంలా పొడిగా ఉండే పూరేకలు, కంకి, అన్నీ ఉన్నాయి. మా మొలక మీద పోల్చుకోవడానికి అందులో ఏదీ ఇంకా లేదు. ఫోటో తీసి, పేరు దిద్ది, ప్లాంట్‌నెట్‌కు పంపాను. పెద్దమ్మ మొలక చుట్టూ మట్టి ఎగదోసింది. "బతుకమ్మ నాటికి పూస్తది" అని పక్క మడిలోకి వెళ్లింది. అక్క దాని పక్కన పుల్ల ఒకటి గుచ్చి, పచ్చిక కోసే మనిషికి కనబడాలని ఎర్రగుడ్డ కట్టింది.