ట్రాక్టర్ ఎక్కకముందు రావాల్సిన కబురు

చిన్నప్పుడు కొడంగల్ నుంచి తాండూరుకు కందుల బస్తాల మీద కూర్చుని చాలాసార్లు వెళ్లాను. ఇప్పుడు నా ఉద్యోగం, పనులు ఎలా నడుస్తాయో బొమ్మగా గీయడం. ఆ గీతల భాష పేరు బీపీఎంఎన్. 2011లో దాని 2.0 రూపం వచ్చింది, 2013లో ఐఎస్ఓ ప్రమాణమైంది. అందులో నాకెంతో నచ్చిన నియమం ఒకటుంది. ఎవరి పని వాళ్ల పెట్టెలో గీస్తాం. పని వరుస చూపే నిండు గీత ఆ పెట్టె దాటకూడదు. పెట్టె నుంచి పెట్టెకు పోగలిగేది తెగిన గీత ఒక్కటే, అంటే కబురు.

మా తాండూరు మార్కెట్ యార్డు ఈ భాషలో చక్కగా ఒదుగుతుంది. రాశి పోయించడం, హమాలీలను పిలవడం, లెక్క రాసుకోవడం అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) లోపలి పని. దాన్నంతా గీస్తే ప్రైవేటు ప్రాసెస్. సరుకు దించుకోవడం, తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ఇవ్వడం లాంటి, బయటివాళ్లతో ముడిపడిన అడుగులే చూపిస్తే పబ్లిక్ ప్రాసెస్. రైతు, అడ్తిదారు, ఖరీదుదారు పెట్టెలను పక్కపక్కన పెట్టి మధ్యలో కబుర్లు గీస్తే కొలాబరేషన్. కబుర్ల వరుసనే గీస్తే కొరియోగ్రఫీ. అందులో పైనుంచి నడిపించేవాడు ఉండడు. హర్రాజు, కాంటా, చిట్టీ: ఏది ఎప్పుడో అందరికీ తెలిసుండాలి, అంతే.

ఒక ఏడాది నాన్న ఒక కొనుగోలు కేంద్రానికి కందులు తీసుకెళ్లాడు. తేమ 12 శాతం దాటిందని పక్కన పెట్టించారు. రెండు రాత్రులు అక్కడే ఆరబోసుకుని, బస్తాల పక్కనే పడుకున్నాడు. ట్రాక్టర్ కిరాయి రెండింతలైంది.

ఇలాంటి కేంద్రాల పనిని బొమ్మగా గీస్తే రైతు పెట్టె తరచూ ఖాళీగా మిగిలిపోతుంది. లోపల ఏముందో తెలియనప్పుడు అలా వదలడానికి బీపీఎంఎన్ ఒప్పుకుంటుంది. కానీ మా ఇంట్లో ఆ పెట్టె నిండా పనే ఉండేది: కోత, నూర్పిడి, కూలీల బాకీ, కిరాయి బేరం, వాన మబ్బు. అందులోకి రావాల్సిన తేమ పరిమితి కబురు మాత్రం నాన్న కేంద్రం చేరాకే అందింది.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025-26లో కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. పేరూ ధరా ఉన్నా, కబురు ఆలస్యమైతే రైతుకు నష్టమే. అందుకే కొనుగోలు ఏర్పాట్లు చేసే అధికారులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే పంటకు మీరు గీసే మొదటి తెగిన గీత రైతు ఫోనుకు చేరాలి: తేమ ఎంత ఉండాలి, ఏ రోజు రావాలి. అది బస్తాలు ట్రాక్టర్‌కు ఎక్కించకముందే అందాలి.